శుద్ధ తెలుగువారెవరు?

మన ప్రాంతపు తెలుగువారిలో ఈ నడుమ ఒక కొత్త మాట వినవచ్చుచున్నది. సంఘముల సభ్యత్వ పత్రములలో "తల్లిదండ్రులు ఇరువురును తెలుగువారేనా?" అను గడి ఒకటి చేర్చవలెననియు, "కాదు" అని వ్రాసినవారికి ఓటు లేని సభ్యత్వము మాత్రమే ఈయవలెననియు కొందరు పెద్దలు సూచించుచున్నారు. వారి ఉద్దేశము చెడ్డదని మేము అనము. ఈ కొండసీమలో తెలుగు మాట నానాటికి సన్నగిల్లుచున్నది, దాని చుట్టు కంచె నాటవలెనని వారి తలంపు. ఐనను ఆ కంచె ఎవరి కాలిలో ముల్లై దిగునో వారు యోచించినట్లు లేదు. మా చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. మేము పండితులము కాము. కాని 36 ఏండ్లు గుమస్తాగా దరఖాస్తులు చూచిన అనుభవము మాకు కలదు. పత్రములో గడి వ్రేలెడు వెడల్పే ఉండును. దానిలో ఇమడని మనుష్యుడు వాకిట నిలిచిపోవును. ఆ గడి మన పత్రములలోనికి రాకూడదని వాదించుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

వాదమునకు ముందు మా సంగతి చెప్పుకొనుట న్యాయము. మేము నందపూరులో పుట్టితిమి. మా తండ్రిగారి పూర్వులు సాలూరు ఘాటీ ఎక్కి వచ్చినవారు. మా తల్లిగారు ఒరియా ఇంటి ఆడపడుచు. ఓనమాలు తండ్రిగారి ప్రక్కన కూర్చుండి దిద్దితిమి. బడిలో ఒరియా చదివితిమి. సంతలో దేశియా మాటలాడితిమి. మార్గశిరమాసపు లక్ష్మివారము వచ్చెనా, మా తల్లిగారు మాణబసా పూజకై బియ్యపుపిండి నీటితో ఝోటి వేసి లక్ష్మీపాదములు తీర్చెడివారు. మా నాయనమ్మగారు అదే లక్ష్మివారమున అదే తల్లికి ముగ్గు పెట్టి పరమాన్నము నివేదించెడివారు. రెండు ముగ్గులును ఒకే గడపయొద్ద కలిసెడివి. ఏ గీత ఏ భాషదని ఆ ఇంట ఎవరును అడిగి ఎరుగరు. అడుగుట బయటివారు నేర్పినారు.

ఉద్యోగమున చేరిన మొదటి మాసములోనే మా పేరు పోయి "తెలెంగా" అను పిలుపు వచ్చినది. ఆ మాట పుట్టుకతో తిట్టు కాదు. మన తెలుగు, తెలింగ శబ్దములకు చుట్టమే. కాని పలుకువాని పెదవి విరుపునుబట్టి మాట రుచి మారును. లెక్కలో పొరపాటు ఎవరిదైనను "తెలెంగా బుద్ధి" అనెడివారు. లెక్క కుదిరినచో "తెలెంగా జిత్తు" అనెడివారు. పై పదవి ఖాళీయైన తరుణమున, వరుస ప్రకారము మా పేరు జాబితాలో ముందుండగా, ఒక అధికారి తల ఎత్తకయే "మీ ఆంధ్రలో ఉద్యోగములు లేవా?" అని అడిగెను. మేము నందపూరులో పుట్టినట్లు తెలుపు కాగితము ఆ క్షణమున ఆయన బల్లమీదనే ఉన్నది.

ఇక రెండవ ముచ్చట. పెండ్లి వయసున సంబంధమునకై ఘాటీ దిగి విజయనగరము ప్రాంతమునకు పోయితిమి. పిల్ల తాతగారు మమ్ము అరుగుమీద కూర్చుండబెట్టి, దినపత్రిక చేతికిచ్చి, "ఏదీ, చదువు నాయనా" అనిరి. తడబడకుండ ఒక పుట చదివితిమి. ఆయన సంతోషించి వీపు తట్టిరి. లోపలికి పోయి వచ్చిన పిమ్మట ముఖము చిన్నబుచ్చుకొని, "అన్నియు బాగున్నవి గాని, తల్లిగారు ఒరియావారు గదా నాయనా! రేపు పిల్లలు ఏ వంక పోదురో!" అనిరి. కొండమీద మేము తండ్రివలన పరాయివారము. కొండక్రింద తల్లివలన పరాయివారము. ఇట్టివారు ఈ జిల్లాలలో మేమొక్కరమే కాము. ఇది చదువుచున్నవారిలో అనేకుల ఇండ్లలో ఇట్టి కథలు రెండేసి కలవు.

మూడవ ముచ్చట మాది కాదు, ఒక పసిపిల్లది. మా మేనల్లుడు పరజ కుటుంబపు పిల్లను వివాహమాడెను. ఆమె నర్సు, ఎందరో ప్రసవములకు చేయి అడ్డుపెట్టిన ఇల్లాలు. వారి పాపకు ఎనిమిదవ ఏట, దసరా దినములలో, మనవారి ఇంట ఒక పేరంటమునకు పిలుపు వచ్చినది. వరుసగా కూర్చున్న ఆడపిల్లలందరికి కుంకుమబొట్టు, పువ్వు, రవికెగుడ్డ ఇచ్చుచు వచ్చిరి. ఈ పాపయొద్దకు వచ్చుసరికి పళ్లెము పక్కకు తిరిగినది. "అది కొండవాళ్ల పిల్ల గదమ్మా" అని ఒక ఇల్లాలు మెల్లగా అనిరట. పాపకు మూడు భాషలు వచ్చును. ఆ మాట బాగుగనే అర్థమైనది. ఇంటికి వచ్చి తన చేతిని తండ్రి చేతి ప్రక్కన పెట్టి, రంగు పోల్చి చూచుకొన్నదట.

"తెలెంగా" అని మనలను అన్నపుడు మనకు ఎంత నొచ్చినదో ఎరిగియుండియు, "కొండవాళ్లు" అని మనవారి నోటినుండియే మాట వెడలుచున్నదే, ఇదియే మా వాదమునకు మూలము. మనలను నొప్పించిన కొలతకఱ్ఱను విరిచి పారవేయక, దానినే చేతబట్టి మనకంటె బలహీనులను కొలుచుట ఏ పాటి న్యాయము? ఆ కొలతకఱ్ఱ పేరు "శుద్ధి". శుద్ధ తెలుగువారెవరో నిదానముగ విచారింతము.

మొదట మన నేల సంగతి. "మీరెక్కడినుండి వచ్చినారు?" అని మనలను అడుగువారు ఒక తేదీని మరచుచున్నారు. 1936 ఏప్రిల్ 1వ తేదీవరకు జయపురము జమీ యావత్తును మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో భాగము. ఆ దినమున ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనది. కోరాపుట్ దానిలో జిల్లా ఐనది. 1992లో దానినుండి రాయగడ వేరు జిల్లా ఐనది. మనలో పలువురి తాతలు ఇల్లు కదలలేదు, పొయ్యి కదలలేదు. ఊరికి రాష్ట్రము మారినది. ఇట్టివారిని వలస వచ్చినవారనుట పొరపాటు. పిదప మాచ్‌ఖండ్ విద్యుత్తు పనులకు, రాయగడ కాగితపు మిల్లుకు, సునాబెడా విమాన కర్మాగారమునకు వచ్చి స్థిరపడినవారును కలరు. వారును దొంగదారిని రాలేదు. పని పిలిచిన చోటికి వచ్చి చెమటోడ్చినారు.

ఐతే ఈ మాట చెప్పుకొనునప్పుడు మరియొక మాటయు ఒప్పుకొనక తప్పదు. తాత పుట్టిన నేలనుబట్టి హక్కు వచ్చునేని, ఈ కొండలమీద మొదటి హక్కు మనది కాదు, ఒరియావారిది కాదు. అది గదబలది, పరజలది, కంధులది, సవరలది, బొండలది. మనమును ఒరియావారును "ఎవరు ముందు వచ్చినారు" అని కీచులాడుకొనుచుండగా, నిజముగ ముందున్నవాడు మండియా అంబలి డొప్ప చేతబట్టుకొని చెట్టుక్రింద కూర్చుండి వినుచున్నాడు. అతనిని ఎవరును సాక్ష్యమునకు పిలువలేదు.

మన నందపూరు కథయే చూడుడు. 32 మెట్ల సింహాసనమని శిథిలములను చూపి గర్వించుచున్నాము. ఆ సింహాసనము నెక్కిన సూర్యవంశపు మొదటి రాజు వినాయక దేవుడు 15వ శతాబ్దమువాడు. ఆయన ఉత్తరాదినుండి వచ్చినవాడనియు, ఇచ్చటి శిలావంశపు రాజకుమార్తెను వివాహమాడి రాజ్యము పొందెననియు వంశకథ చెప్పుచున్నది. అనగా మన రాజ్యమునకు మూలపురుషుడే పరదేశపు అల్లుడు. ఆనాడు నందపూరు పెద్దలు "తల్లిదండ్రులిరువురును ఈ ఊరివారేనా?" అని గడి గీచియుండినచో, మనము చెప్పుకొను రాజవంశమే లేదు.

ఆ వంశమునందే 1931 మొదలు 1951 వరకు జయపురమును ఏలిన విక్రమదేవ వర్మగారు తెలుగునను ఒరియాలోను గ్రంథములు వ్రాసిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయలు ఇచ్చి పోషించిరి. అచ్చటి సైన్సు కళాశాలకు ఆయన పేరు పెట్టిరి. ఆయన తెలుగువారా, ఒరియావారా? మన గడిలో ఆయన ఏమి వ్రాయవలెను? "కాదు" అని వ్రాసినచో లక్ష రూపాయల దాతకు ఓటు లేని సభ్యత్వము ఇత్తుమా?

ఇక శాస్త్రమును పట్టుకొని వచ్చువారున్నారు. ఒరియావారు ఆర్యజాతియనియు, మనము ద్రావిడజాతియనియు, కొండవారు వేరొక జాతియనియు, రక్తములు కలియరాదనియు వీరి వాదము. ఈ వాదము మన పెద్దలది కాదు, దొరలది. సర్ విలియం జోన్సు 1786లోను, ఎల్లిసు దొర 1816లోను, కాల్డ్వెల్ 1856లోను చెప్పినవి ప్రధానముగ భాషల చుట్టరికములు. అటుపిమ్మట వచ్చినవారు భాషను రక్తముగ మార్చిరి. 1901 జనాభా లెక్కలను నడపిన రిజ్లీ దొర ముక్కు వెడల్పును దాని ఎత్తుతో భాగించి, నూటితో హెచ్చవేసి, వచ్చిన సంఖ్యనుబట్టి మనుష్యుల అంతస్తు చెప్పవచ్చుననెను. మద్రాసు మ్యూజియమున థర్‌స్టన్ దొర ఇట్టి పరికరములే పట్టుకొని తలలు, ముక్కులు కొలిచెను. లెక్కలు చూచి బ్రతికిన మాకు ఈ లెక్క చూచి నవ్వు వచ్చును. భాగహారము సరియైనదే, భాగింపబడినది మాత్రము మనుష్యుని మర్యాద.

ఈ సిద్ధాంతమును కూలద్రోయుటకు వేరెచ్చటికో పోనక్కరలేదు; మన సంతకు పోయిన చాలును. గదబలు అను ఒక్క పేరుతో మనము పిలుచువారిలో రెండు భాషలవారు కలరు. గుటోబు మాటలాడు గదబల భాష ముండా కుటుంబమునది. ఒల్లారి మాటలాడు గదబల భాష ద్రావిడ కుటుంబమునది, అనగా మన తెలుగునకు చెల్లెలు. పేరు ఒకటి, కట్టు ఒకటి, భాషాకుటుంబములు రెండు. ఇటు కొండదొరలను చూడుడు. వారిలో పెక్కుమంది తమ పూర్వపు భాషను విడిచి తెలుగే ఇంటిమాటగ చేసికొనిరి. పట్నాయకులు, మహంతులు అను ఇంటిపేర్లతో శ్రీకాకుళము, విజయనగరము సీమలలో తరతరములుగ తెలుగే మాటలాడుచున్న కరణముల కుటుంబములు ఎన్నియో కలవు. భాష రక్తములోనుండి పుట్టునేని ఇవి ఎట్లు సంభవించును? భాష నాలుకకు అంటుకొనునది. నాలుక ఏ ఇంటి అన్నము తినునో ఆ ఇంటి మాట నేర్చును.

నేటి శాస్త్రమును ఇదియే చెప్పుచున్నది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు విదేశీయులైన సహచరులతో కలిసి 25 సముదాయములకు చెందిన 132 మంది రక్తమును పరిశీలించి 2009లో తమ ఫలితములను ప్రకటించిరి. మన దేశమున దాదాపు ప్రతి సముదాయమును రెండు ప్రాచీన జనసమూహముల కలయికయేనని తేలినది. పాళ్లలో హెచ్చుతగ్గులు కలవు గాని, కలియనివారు లేరు. ఆ కలయిక సుమారు 4,200 మొదలు 1,900 ఏండ్ల క్రిందటివరకు సాగినదనియు, అటుపిమ్మట పెండ్లి తలుపులు మూతపడినవనియు 2013లో వెలువడిన పరిశోధన తెలిపినది. మనము శుద్ధియని పిలుచుచున్నది మూలము కాదు. మూసిన తలుపు మాత్రమే.

శాస్త్రము నమ్మనివారు పురాణమును నమ్మవచ్చును. "ఆంధ్ర" శబ్దము మనకు మొట్టమొదట వినవచ్చునది ఐతరేయ బ్రాహ్మణమునందని పండితులందరు చెప్పుదురు. ఆ సందర్భమేమో ఎందరెరుగుదురు? అజీగర్తుడను పేద బ్రాహ్మణుడు నూరు ఆవులకు తన కొడుకు శునశ్శేపుని యజ్ఞపశువుగ అమ్మెను. దేవతలను ప్రార్థించి ఆ బాలుడు యూపస్తంభమునుండి విడుదల పొందెను. విశ్వామిత్రుడు వానిని ఒడిలోనికి తీసికొని తనకు పెద్దకొడుకుగ చేసికొనెను. విశ్వామిత్రునకు నూటయొక్కరు కొడుకులు. వారిలో ఏబదిమంది, "పరాయి ఇంటి పిల్లవానిని మేము అన్నగ ఒప్పుకొనము" అనిరి. తండ్రికి కోపము వచ్చినది. మీ సంతతి అంచులకు పోవుగాక యని శపించెను. వారే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అయిరని ఆ గ్రంథము చెప్పుచున్నది.

ఈ కథలో మనకు రెండు పాఠములు కలవు. మొదటిది, మన పేరు వినబడిన తొలి వాక్యమునందే శబరులు మనకు తోబుట్టువులుగ నిలిచియున్నారు. నేడు సవరలని మనము దూరముగ కూర్చుండబెట్టునది అన్నదమ్ములనే. రెండవది ఇంకను గొప్పది. మన మూలపురుషులు శాపము పొందినది మద్యమువలన కాదు, హింసవలన కాదు, పరాయి ఇంటినుండి వచ్చిన బిడ్డను ఇంటివానిగ ఒప్పుకొననందువలన. ఆ పాత శాపమునకు కారణమైన పనినే మరల సభ్యత్వ పత్రములో అచ్చువేయించి సంతకము చేయుదుమా?

మన ఇరుగుపొరుగు పురాణములును అదే మాట చెప్పుచున్నవి. రథయాత్రనాడు మనమందరము జగన్నాథుని త్రాడు లాగుచున్నాము. ఆ స్వామిని నీలమాధవుడుగ మొదట అడవిలో పూజించినవాడు విశ్వావసువను శబరుడు. ఆయనను వెదకికొనుచు వచ్చిన బ్రాహ్మణుడు విద్యాపతి, శబరుని కూతురు లలితను పెండ్లాడెను. పూరీలో రథయాత్ర దినములలో స్వామిసేవ చేయు దయితాపతులు నేటికిని తమ మూలమును విశ్వావసునియందే చెప్పుకొందురు. 16వ శతాబ్దమున బలరామదాసు వ్రాసిన లక్ష్మీపురాణమును మా తల్లిగారు ప్రతి మార్గశిర లక్ష్మివారమున చదివెడివారు. లక్ష్మీదేవి అంటరానిదనబడిన శ్రియ ఇంటికి పోయి పూజ అందుకొనుటయు, బలరాముడు మైలపడినదని ఆమెను గుడినుండి వెడలగొట్టించుటయు, పిదప అన్నదమ్ములిరువురు అన్నము దొరకక ఊరూర తిరిగి, తుదకు ఆమె వాకిటనే చేయి చాచుటయు అందలి కథ. మన వంకకు వచ్చినచో అహోబిలమున నరసింహస్వామి చెంచులక్ష్మిని చేపట్టెను. శ్రీకాళహస్తిలో వేటకాడైన కన్నప్ప ఎంగిలి నైవేద్యమును శివుడు ఆరగించెను. గుడిలో మ్రొక్కునది కలయికకు, గుమ్మముకడ తరుమునది ఆ కలయికయొక్క బిడ్డను. ఇది భక్తియా?

ఇక చెప్పుటకు కష్టమైన మాట ఒకటి కలదు. ఈ షెడ్యూల్డు ప్రాంతములలో ఆదివాసుల భూమి ఇతరుల పాలు కాకుండుటకు 1956లో నిబంధన వచ్చినది. ఆ కట్టడిని దాటుటకు కొందరు ఏమి చేసిరో ఈ జిల్లాలలో అందరెరిగినదే. కొండపిల్లను చేరదీసి, భూమి ఆమె పేర వ్రాయించి, సేద్యము తాము చేసికొనుచు, ఊరిలో పెండ్లిపేరంటములకు మాత్రము వేరొక ఇల్లాలిని వెంటబెట్టుకొని వచ్చిన మహానుభావులు ఒక్క భాషవారే కారు. తెలుగువారును కలరు, ఒరియావారును కలరు. ఆమె పేర పట్టా కావలెను. ఆమె కన్న బిడ్డకు ఇంటిపేరు ఈయరాదు. ఇట్టివారే సభలలో లేచి రక్తశుద్ధిని గూర్చి ఉపన్యసించుట మేము పలుమార్లు వింటిమి. మిశ్రమము వీరికి అక్కరలేదనుట అబద్ధము. మిశ్రమమునకు బాధ్యత వీరికి అక్కరలేదు.

ఆ బిడ్డలు దరఖాస్తు చేత బట్టుకొని మా బల్లయొద్ద నిలిచిన దినములు మాకు జ్ఞాపకము. తండ్రి పేరు వ్రాయుటకు కలము ఆగెడిది. కులధ్రువపత్రమునకు తండ్రి కులమే ఆధారమని ఒకరు, తల్లి ఇంట పెరిగినారు గదా యని మరియొకరు అనెడివారు. 2012లో గుజరాతునుండి వచ్చిన ఒక వ్యాజ్యమున సుప్రీము కోర్టు ఈ చిక్కును విడదీసినది. తల్లి ఆదివాసి, తండ్రి అగ్రవర్ణమువాడైనపుడు బిడ్డది తండ్రి కులమేయని కన్ను మూసికొని నిర్ణయింపరాదనియు, ఆ బిడ్డ ఎవరినడుమ పెరిగినది, ఎట్టి అవమానములు పొందినది సాక్ష్యమునుబట్టి తేల్చవలెననియు తీర్పు చెప్పినది. కోర్టువారు పెంపకమును చూడుమనిరి. మనము రక్తమును చూతుమందుమా?

దూరమునకు పోయి చూచినను ఇదే పాఠము. భగత్ సింగ్ థింద్ అను పంజాబీ అమెరికా సైన్యములో పనిచేసినవాడు. తాను ఉన్నత కులమువాడననియు, ఆర్యుడననియు, కావున తెల్లవారిలో చేరుదుననియు పౌరసత్వమునకై వాదించెను. 1923లో ఆ దేశపు సుప్రీము కోర్టు త్రోసివేసినది. శుద్ధిని చూపి పెద్దల పంక్తిలో చేరుదమనుకొన్నవానికి ఆ పంక్తిలో ఆకు వేయలేదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రపు ఓలేతా పట్టణమున కూచిభొట్ల శ్రీనివాస్ అను తెలుగు ఇంజనీరును, "మా దేశమునుండి పొండు" అని కేకలు వేసిన ఒక తెల్లవాడు తుపాకితో కాల్చి చంపెను. తెలుగువారమందరము ఏడ్చితిమి, ఏడువవలసినదే. కాని అంతకు మూడేండ్ల ముందు, 2014 జనవరిలో, మన ఢిల్లీ నగరమునందే అరుణాచలపు విద్యార్థి నీడో తానియా తన రూపును ఎగతాళి చేసినవారితో తగవు కాగా దెబ్బలు తిని మరణించెను. ఆనాడు మన ఇండ్లలో ఎందరు ఏడ్చిరి? పరదేశమున మన చర్మమును చూచి తుపాకి ఎత్తినవాడును, ఇచ్చట కొండపిల్ల చర్మమును చూచి పళ్లెము త్రిప్పినామెయు సమానులని మేము అనము. నేరములు సమానము కావు; కాని రెండును ఒకే విత్తనమునుండి మొలచినవి.

మా వాదమునకు ఎదురుగా ఒక గట్టి ప్రశ్న కలదు. "ఇట్లు తలుపులు తెరచినచో తెలుగు ఏమగును? మిశ్రమ కుటుంబములలో మొదట పోవునది మన భాషయే గదా?" ఈ భయము అసత్యము కాదు. మన బిడ్డలలో తెలుగు మాటలాడి, చదువలేనివారు అనేకులు. కాని నిజము చెప్పుడు: వారిలో తల్లిదండ్రులిరువురును తెలుగువారైనవారు ఎందరు? శుద్ధ కుటుంబములలోనే అక్షరము చచ్చుచుండగా, ఆ నేరమును మిశ్రమ కుటుంబములమీద మోపుట ఏమి? భాష కలయికవలన చావదు, నేర్పనందువలన చచ్చును. తెలుగు చదువ నేర్చిన ఒరియా కోడలు మన ఇంటికి ఒక చదువరిని చేర్చినట్లు. తెలుగు చదువరాని తెలుగు కొడుకు ఒకరిని పోగొట్టినట్లు. లెక్క వేసి చూడుడు.

మాతృభాషకు ఎనలేని సేవచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి ఏమి చేసిరి? సవరల ఇండ్లకు పోయి, వారి భాష నేర్చి, వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించి, సవర నిఘంటువు కూర్చిరి. సవర నేర్చినందువలన ఆయన తెలుగు తరుగలేదు. వాడుక తెలుగునకు తెలుగుదేశమంతటికి గొంతు ఆయనయే ఐరి. పరుల మాటను గౌరవించినవానికే తన మాట విలువ తెలియును.

మరియొక సంగతి. భాషా అల్పసంఖ్యాకులముగ మనము రాజ్యాంగపు 29, 30 అధికరణములను, 1956లో చేర్చిన 350-ఎ అధికరణమును చూపి, మన పిల్లలకు తెలుగు బడి కావలెనని విన్నపములు పంపుచున్నాము. పంపవలెను, మానరాదు. కాని అదే రాజ్యాంగపు 15వ అధికరణము జాతినిబట్టి, కులమునుబట్టి, జన్మస్థలమునుబట్టి వివక్ష చూపరాదని రాజ్యమును శాసించుచున్నది. మనది సర్కారు కాదు, చిన్న సంఘము మాత్రమే. చట్టము మన గడిని పట్టుకొనునో లేదో న్యాయవాదులు చెప్పవలెను. కాని సర్కారు ఏ పని చేయరాదని మనము మొరపెట్టుచున్నామో, ఆ పనినే మన హాలులో మనము చేసినచో ఆ మొరకు బలమెక్కడిది?

పొట్టంగి దాపున కొటియా గ్రామముల విషయము మీరెరుగుదురు. అవి ఎవరివని ఒడిశా, ఆంధ్ర రాష్ట్రముల నడుమ తగవు 1968లో సుప్రీము కోర్టునకు ఎక్కినది, నేటికిని తెగలేదు. అచ్చటి కొండవారిలో అనేకులకు ఇటు ఒక కార్డు, అటు ఒక కార్డు కలవు. రెండు సర్కారులును "మీరు మావారే" అని పిలుచుచున్నవి. ఓట్లకు, కొండలకు ఆశపడి పిలిచినను పిలుపు పిలుపే. రెండు నెత్తురుల బిడ్డను మాత్రము రెండు వంకలవారును "మావాడు కాడు" అందురు! భూమికి ఇద్దరు హక్కుదారులు, మనుష్యునికి ఒకడును లేడు. రాయగడ ప్రక్కగా పారు నాగావళి శ్రీకాకుళము చేరుచున్నది. గుణుపురము ప్రక్కగా పారు వంశధార కళింగపట్టణముకడ సముద్రములో కలియుచున్నది. ఏ మైలురాయికడ ఆ నీరు ఒరియా మాని తెలుగు అగునో చూపగలవారెవరైన కలరా?

కావున పెద్దలను మేము కోరునవి నాలుగే. ఒకటి, ఆ గడిని పత్రములో చేర్చకుడు. దాని చోట "మీకు ఏ ఏ భాషలు వచ్చును? మీ పిల్లలకు తెలుగు నేర్పుటకు సంఘము ఏమి చేయవలెను?" అని రెండు ప్రశ్నలు వేయుడు. రెండు, ఆదివారపు తెలుగు తరగతులను, తల్లి ఎవరని అడుగక, వచ్చిన ప్రతి బిడ్డకు తెరచియుంచుడు. మూడు, "తెలెంగా" అని మనలను ఎవరైన కించపరచినచో ఒరియా పెద్దల సమక్షమున మర్యాదగ, గట్టిగ అభ్యంతరము చెప్పుడు. "కొండవాడు" అని మనవారెవరైన కించపరచినచో అంతకంటె గట్టిగ అక్కడికక్కడే చెప్పుడు. నాలుగు, రాబోవు దసరాకు మన ఇండ్ల పేరంటములలో కుంకుమ పళ్లెము వరుసలోని ఏ పిల్లను దాటిపోకుండునట్లు ఇల్లాండ్రు చూడవలెను. ఈ నాలుగవది అన్నిటికంటె చిన్న పని. మొదట చేయదగినదియు అదియే.

ఇవి చేసినచో మన సంఖ్య తగ్గదు, పెరుగును. తెలుగు పలుచబడదు, ఈ నేలలో వేరు దిగును. చేయనిచో గడి నిలుచును, పత్రము నిలుచును, శుద్ధులైన కొద్దిమంది హాలులో మిగులుదురు. వారి పిల్లలు ఆ పత్రమును తెలుగులో చదువలేకపోవుదురు. మన పిల్లలు ఎవరి పిల్లలని అడుగుట మాని, ఎవరు మన పిల్లలు కాగలరని అడుగుట నేర్తుము గాక!